చిన్న తలకు సరిపడే చెవులు

దర్జీ టేపు పెట్టి మా అమ్మాయి మారెన్ తల నేను కొలుస్తుంటే, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డ మా ఆయన డారిన్ నవ్వాడు. “టోపీ కుడుతున్నావా, కిరీటం చేయిస్తున్నావా?” అన్నాడు. నేను ఒక చెవి దగ్గర మొదలుపెట్టి, నడినెత్తి మీదుగా రెండో చెవి దాకా కొలిచాను. ఏడేళ్ళ తల. దాని మీద, చప్పుడు ఆపడానికి చెవులకి పెట్టుకునే పెద్దవాళ్ళ మఫ్‌లు పెడితే దవడ ఎముక దగ్గర నా చిటికెన వేలు దూరేంత సందు మిగులుతోంది. వేలు దూరే సందులోంచి తుపాకి చప్పుడు దూరదా? డారిన్ ఇంకేదో అన్నాడు. ఫ్రిజ్‌లోకి తల పెట్టి అన్నాడు కాబట్టి నాకు వినపడలేదు. “ఏంటి?” అన్నాను. “ఏం లేదులే,” అన్నాడు.

ఈ “ఏం లేదులే” అనే మాట నా సంసారంలో ఉప్పూ కారం లాగా రోజూ ఉండేదే. మిగతా మాటలన్నీ సగం సగం వినపడతాయి గానీ ఇదొక్కటి ఎప్పుడూ పూర్తిగా వినపడుతుంది. నా ఎడమ చెవి తొమ్మిదో ఏట పోయింది. పోయిందంటే మొత్తం పోలేదు. సన్నగా ఉండేవి పోయాయి: పిట్టలు, గుసగుసలు, పక్క గదిలోంచి పిల్ల పిలిచే పిలుపు. మోటుగా ఉండేవన్నీ మిగిలాయి, ట్రాక్టర్లూ మగవాళ్ళ నవ్వులూ. నవంబరు వేటకి ముందు మా ఊళ్ళో అందరూ వేటగాళ్ళ క్లబ్బు రేకుల షెడ్డు కింద చేరి తుపాకుల గురి సరిచూసుకుంటారు. మా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళి, తన ప్యాకెట్లోంచి రెండు సిగరెట్లు తీసి ఫిల్టర్లు తుంచి నా చెవుల్లో దోపాడు. ఎడమ చెవిలోది ఎప్పుడు జారిపడిందో ఎవరూ చూడలేదు. అంత నొప్పి పుట్టడం కూడా కాల్చడంలో ఒక భాగమే కాబోలు అనుకున్నాను. తిరిగొచ్చాక మా అమ్మ అన్నం పెడుతూ ఏదో అడిగితే నాకు ఆమె పెదవులు కదలడం మాత్రం కనపడింది.

ఉద్యోగంలోనూ ఇదే గోల. పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల మీద ఫోన్లు తీసేదాన్ని. కుడి చెవికి ఫోను పెట్టుకుంటే ఎదురుగా నిలబడ్డవాళ్ళు అడిగేది తెలియదు, ఎదుటివాళ్ళకి చెవి ఒగ్గితే ఫోనులో మాట పోతుంది. ఒక సోమవారం నేను వెళ్ళేసరికి నా కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. “వెనక గదిలో నీకు ప్రశాంతంగా ఉంటుంది జనెల్,” అన్నాడు డాక్టరు, నాకేదో వరం ఇస్తున్నట్టు. అప్పటినుంచి పనిముట్లు కడిగి, ఆవిరి పెట్టెలో పెట్టి, ఆరాక సంచుల్లో సర్దుతున్నాను. ఆ గదిలో నాతో ఎవరూ మాట్లాడక్కర్లేదు. డారిన్‌కి చెబితే, “మంచిదేగా, ఫోన్ల గొడవ తప్పింది,” అన్నాడు. మా అత్తగారు ఆర్డిస్ ఇంకా తెలివైనది. పెళ్ళయిన కొత్తలోనే నాకు కిటుకు చెప్పింది: “అర్థం కాకపోతే నవ్వి తల ఊపు అమ్మాయ్. సగంమంది నిన్ను మంచిదనుకుంటారు. మిగతా సగానికి నీ జవాబుతో పనే లేదు.” ఆవిడకీ వినపడదు. పెళ్ళైనప్పటినుంచీ పాలు పితికే మిషన్ల పక్కనే బతికింది మరి.

అందుకని, డారిన్ మారెన్‌కి ఈ వేసవిలో కాల్చడం నేర్పిస్తానన్నప్పుడు నేను వద్దనలేదు, ఒక్క షరతు పెట్టాను. చెవుల సంగతి నేను చూసుకుంటాను, నేను పెట్టనిదే తుపాకి దాని చేతికి ఇవ్వకూడదు అన్నాను. మావైపు మఫ్‌లని చెవులనే అంటారు. కాల్చేముందు, “అందరూ చెవులు పెట్టుకోండి,” అని ఒకళ్ళు కేక వేస్తారు. డారిన్ సరేనన్నాడు. “దుకాణంలో పిల్లలవి ఉంటాయిగా, గులాబీరంగువి, ఒకటి తెచ్చి పడెయ్,” అన్నాడు. పడెయ్యడమే వాళ్ళకి తెలిసింది. తెచ్చాను. అవి బిగుతుగానే ఉన్నాయి గానీ కప్పులు డొప్పల్లా లావు. వంటింటి బల్ల మీద చీపురు కర్రని తుపాకిలా పెట్టించి, చెంప ఆనించి గురి చూడమన్నాను. చెంప ఆనగానే కుడి కప్పు కర్రకి తగిలి పైకి లేచింది. అంటే సరిగ్గా కాల్చే క్షణంలోనే చెవి తెరుచుకుంటుందన్నమాట. ఆ మఫ్‌లు చేసినవాడు తుపాకి పట్టుకున్న పిల్లని ఎప్పుడైనా చూశాడా అని నాకు ఒళ్ళు మండింది.

తర్వాత పల్చటి కప్పులవి తెప్పించాను, అవి వదులు. నురగ బిరడాలు తెచ్చి, సన్నగా నలిపి, చెవి పైకి లాగి దోపి, ఉబ్బేదాకా పట్టుకుని కూర్చున్నాను. దాని చెవి రంధ్రం ఎంతని? మాట్లాడుతుండగానే అవి మెల్లగా బయటికి వచ్చేసేవి. “అమ్మా, నా చెవి ఉమ్మేస్తోంది,” అని నవ్వేది మారెన్. ముందుపన్ను ఊడిన నోటితో అది నవ్వితే నేనూ నవ్వేదాన్ని. ఏది తెచ్చినా ఒకటే పరీక్ష: మఫ్‌లు పెట్టి, మిక్సీ తిప్పి, కప్పుల్ని అరచేతులతో నొక్కమనేదాన్ని. నొక్కినప్పుడు చప్పుడు ఇంకా తగ్గిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. కాల్చేటప్పుడు పెట్టుకునే కళ్ళద్దాల కాడ దగ్గర సందు. జడ చెవి మీదుగా వస్తే సందు. ఊలు టోపీ కింద పెడితే చుట్టూతా సందే. డారిన్ గుమ్మంలోంచి, “ఆ మిక్సీ కాలిపోయేలా ఉంది, దానికో జత కొను,” అనేవాడు. చివరికి బ్యాటరీతో పనిచేసేవి దొరికాయి. కప్పులు పల్చన, మెత్తలు జెల్లీలా వంగి కళ్ళద్దాల కాడని మింగేస్తాయి, మాటలు మామూలుగా వినపడతాయి, పెద్ద చప్పుడు రాగానే టక్కున మూసుకుంటాయి. మారెన్ అరచేతులతో నొక్కి చూసి, “నొక్కినా నొక్కకపోయినా ఒకటేనమ్మా,” అంది. ఆ రోజు నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఒక్కదాన్నే పెరట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు తుపాకులంటే కోపం లేదు. మా ఫ్రీజరు నిండేది వాటివల్లే. చిన్నప్పుడు నేను బాగా కాల్చేదాన్ని, మా అన్నల కన్నా బాగా. చెవి పోయాక మా నాన్న, “ఇది ఆకు చప్పుడు వినలేదు, మంచె మీద కూర్చుని ఏం చేస్తుంది?” అని నన్ను వంటింట్లోకి పంపేశాడు. చెవి పోగొట్టింది వాళ్ళు, పనికిరానిదాన్ని అయింది నేను. అప్పటినుంచి ప్రతి నవంబరూ నేను మగవాళ్ళకి శాండ్‌విచ్‌లు కట్టాను, థర్మాసుల్లో కాఫీ పోశాను, వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, బయట ఆరేసి, ఎండుటాకులు వేసిన సంచుల్లో భద్రం చేశాను. జింకకి మనిషి వాసన తగలకూడదట. వాటిని ఉతికినదాని చేతులు బ్లీచు వాసన వేస్తే ఫరవాలేదు. నా కూతురు ఆ సంచులు సర్దే మనిషి కాకూడదని నాకు గట్టిగా ఉంది. అది మంచె ఎక్కాలి, చెవులతో ఎక్కి చెవులతో దిగాలి. నేను కోరుకున్నది ఇంతే, ఇది కూడా ఎక్కువేమో నాకు తెలియదు.

వేసవంతా మారెన్ పెరట్లో చిన్న తుపాకితో కాగితం పళ్ళేలు కాల్చింది. ప్రతిసారీ నేనే జడ కిందికి దించి, కళ్ళద్దాలు పెట్టి, మఫ్‌లు పెట్టి, టోపీ వాటి పైన పెట్టేదాన్ని. పళ్ళేనికి చిల్లు పడేది గానీ పిల్ల రెప్ప వేసేది కాదు. మామూలుగా పిల్లలు మొదటి దెబ్బకే బెదిరిపోతారు. తర్వాత తుపాకి మీట నొక్కేముందే కళ్ళు మూసుకుంటారు, భుజం వెనక్కి లాక్కుంటారు. ఆ బెదురు పోవడానికి ఏళ్ళు పడుతుంది. బెదురు పోయేదాకా వేటకి తీసుకెళ్ళరు. డారిన్ దానికి పదేళ్ళు వచ్చాక చూద్దామనుకున్నాడు, నేనూ అదే అనుకుని నిశ్చింతగా ఉన్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం మా మామగారు వెర్లిన్ వచ్చి కుర్చీ వేసుకుని చూశారు. జింకల తుపాకి తెచ్చి దాని చేతికి ఇచ్చారు. నేను పరుగెత్తుకెళ్ళి మఫ్‌లు మళ్ళీ సరిచూశాను. పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు అదిరాయి. మారెన్ తుపాకి దించి, “తాతా, తగిలిందా?” అని అడిగింది. ఆయన లేచి నిలబడ్డారు.

“దీనికి బెదురే లేదురా,” అన్నారు డారిన్‌తో. “నువ్వు పదేళ్ళప్పుడు కూడా కళ్ళు మూసుకుని కాల్చేవాడివి. ఇది చూడు. ఇదిరా మన రక్తం.”

“దాని వయసు ఏడేగా నాన్నా,” అన్నాడు డారిన్.

“వయసుతో ఏం పని? బెదరని పిల్లని ఇంట్లో కూర్చోబెడతావా? అక్టోబరులో పిల్లల వేట రెండు రోజులు తెరుస్తారుగా. నా మంచె మీద, నా పక్కన కూర్చోబెట్టుకుంటా.”

మారెన్ ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూశాక డారిన్ వద్దనలేకపోయాడు, నేనూ అనలేకపోయాను. రక్తమూ కాదు, మన్నూ కాదు, చప్పుడు దాని దాకా చేరలేదు కాబట్టి బెదరలేదు. ఆ పని చేసింది నేను. మిక్సీ తిప్పి తిప్పి, సందులన్నీ పూడ్చి, మూడేళ్ళ తర్వాత రావాల్సిన రోజుని నా చేతులతో ముందుకి లాక్కొచ్చాను. “మంచిది కదా జనెల్?” అన్నారు మామగారు. నేను నవ్వి తల ఊపాను.

మంచె అంటే మామగారే చెక్కలతో కట్టిన పెట్టె లాంటి గది, నాలుగు కర్రల మీద, పైన రేకు, మూడు వైపులా చిన్న కిటికీలు. లోపల కాలిస్తే చప్పుడు గోడలకి తగిలి తిరిగొచ్చి చెవిలోనే పడుతుంది. మా ఇంట్లో మగవాళ్ళెవరూ మంచె మీద చెవులు పెట్టుకోరు. క్లబ్బులో పెట్టుకుంటారు, పెరట్లో పెట్టుకుంటారు, అక్కడ మాత్రం పెట్టుకోరు. ఆకు కదిలితే వినాలి, అదీ వాళ్ళ నియమం. అందుకే నేను బ్యాటరీవి కొన్నాను: ఆకు వినపడుతుంది, దెబ్బ వినపడదు. ఈ మాట మామగారికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ, “సరే అమ్మాయ్, సరే,” అన్నారు. “నేనూ వస్తాను మావయ్యా,” అంటే, “మంచెలో రెండే కుర్చీలు,” అన్నారు.

ఆ శనివారం తెల్లారుతుండగా మారెన్‌కి రెండు జతల మేజోళ్ళు తొడిగి, నారింజరంగు కోటు వేసి, కొత్త బ్యాటరీలు వేసిన మఫ్‌లు మెడలో వేశాను. వాటి మీట ఎటు తిప్పాలో చూపించాను. “మంచె ఎక్కగానే పెట్టుకో, దిగేదాకా తియ్యకు,” అన్నాను. “తెలుసమ్మా, నూరుసార్లు చెప్పావు,” అంది. వాళ్ళు వెళ్ళాక అత్తగారూ నేనూ వంటింట్లో యాపిల్స్ కోశాం. నేను కిటికీ దగ్గర కుడి చెవి అడవి వైపు పెట్టి నిలబడితే ఆవిడ చూసి, “ఏముంది అమ్మాయ్ వినడానికి?” అంది. “నాకు చెవులు పోయాకే మీ మావయ్యతో కాపురం సుఖంగా సాగింది.” ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. చాలాసేపటికి ఒక్క చప్పుడు వినపడింది. ఎక్కడో దూరంగా, తలుపు వేసినట్టు. నా చేతిలో కత్తి ఆగింది. ఆవిడ యాపిల్స్ కోస్తూనే ఉంది.

మధ్యాహ్నం పికప్ వెనక జింకతో వచ్చారు. మారెన్ రెండు చెంపల మీదా మొదటి వేటకి ఆనవాయితీగా పూసే జింక రక్తం గీతలు. అది కిందికి దూకి నా వైపు పరుగెత్తుకొస్తూ అరుస్తోంది, నిజంగానే అరుస్తోంది, నా పక్కకి వచ్చాక కూడా అంతే గట్టిగా. “నేనే అమ్మా! ఒక్క దెబ్బకే!” మెడలో మఫ్‌లు లేవు. పికప్‌లోకి చూశాను. ముందు సీటు మీద, నేను ఇచ్చిన శాండ్‌విచ్ సంచి పక్కన పడి ఉన్నాయి. దగ్గరికి తీసుకుని, “చెవులు పెట్టుకున్నావా?” అని అడిగాను. “ఏంటి?” అంది.

భోజనాల దగ్గర మామగారు అంతా ఆయనే చెప్పారు, దాచడానికేముందన్నట్టు. వెన్నలో ఉల్లిపాయలతో వేయించిన లేత మాంసం పళ్ళెం మధ్యలో పెట్టాను. అందరికీ వడ్డించాను.

“అవి పెట్టుకుంటే ఆకు రాలినా లారీ వచ్చినట్టుందట అమ్మాయ్. ఎటునుంచో తెలీక పిల్ల తల గిరగిరా తిప్పుతోంది. జింక చూస్తే ఆగుతుందా? తీసెయ్యమన్నా.”

“కాల్చేముందు మళ్ళీ పెట్టారా?”

“ఆ టైములో ఎవరు పెడతారు? మీట తిప్పితే టిక్కుమంటది. అరవై అడుగుల్లో నిలబడుంది అది. నేను చెయ్యి అడ్డం పెట్టాన్లే. ఇదిగో, ఇలా.” ఆయన పక్కనే కూర్చున్న మారెన్ కుడి చెవిని తన పెద్ద అరచేత్తో కప్పి చూపించారు. ఎంతో ప్రేమగా కప్పారు, అది మాత్రం నిజం. “మా నాన్న నాకు అదీ పెట్టలేదు,” అన్నారు.

కుడిచేత్తో కాల్చేవాళ్ళకి దెబ్బ తినేది ఎడమ చెవి. తుపాకి మీద చెంప వాల్చినప్పుడు కుడి చెవి తల చాటుకి పోతుంది, ఎడమది గొట్టం వైపు తిరిగి ఉంటుంది. అరవై ఏళ్ళుగా తుపాకి పట్టిన మనిషికి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం కాదు, ఎప్పుడూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. ఆయనకి ఆ చెవిలో వినపడకపోతే అత్తగారు మళ్ళీ గట్టిగా చెప్పేది. ఆవిడకి వినపడనప్పుడు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. పళ్ళెం ఆయన ముందే నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. “ఇంకాస్త వెయ్యనా మావయ్యా?” అని అడిగాను.

గిన్నెలు కడుగుతున్నప్పుడు డారిన్ తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మంచివాడే, తుడుస్తాడు. “నువ్వు మాటిచ్చావు,” అన్నాను.

“నేను అక్కడ లేను కదా జనెల్.”

“మీ నాన్నకి చెప్పు. నవంబరులో చెవులు లేకుండా ఎక్కించడానికి వీల్లేదని చెప్పు.”

“ఒక్క దెబ్బకి ఎవరూ చెవిటివాళ్ళు కారు.”

“నాకు ఒక్క పూటే పట్టింది.”

“నీది వేరు. నీకలా అయిందని అందరికీ అవ్వాలా? దాన్ని చూశావా ఇవాళ? అంత సంతోషంగా ఎప్పుడైనా ఉందా? నీ చెవి పోయిందని దాని సరదా పాడుచెయ్యకు.” ఒక గ్లాసు తుడిచి పెట్టి, గొంతు తగ్గించాడు. “ఆ నేల ఆయనది, మంచె ఆయనది. కాదంటే దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళను? పోనీ మానిపించేద్దామా? నీతోపాటు ఇంట్లో ఉంటుంది.”

ఇంట్లో ఉంటుంది. ఆకులేసిన సంచుల్లో బట్టలు సర్దుతుంది, థర్మాసులు నింపుతుంది, కిటికీ దగ్గర నిలబడి ఒక చప్పుడు కోసం చూస్తుంది. చెవులు రెండూ చక్కగా ఉంటాయి, “ఏంటి, నువ్వు రాలేదా?” అని అన్నదమ్ముల పిల్లలు అడిగే మాట స్పష్టంగా వినపడుతుంది. మంచె ఎక్కిస్తే చెవి పోతుంది, ఎక్కించకపోతే చెవితో ఏం వినాలి ఆ పిల్ల? నేను ఆలోచిస్తుంటే డారిన్ కుళాయి వైపు తిరిగి ఇంకేదో అన్నాడు. అడగలేదు నేను. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు.

వినపడని మనిషికి ఒక లాభం ఉంది, పెదవులు చదవడం వస్తుంది. ఆదివారం సాయంత్రం మామగారు బయల్దేరుతుంటే మారెన్ పికప్ మెట్టు మీద నిలబడి కిటికీలోకి వంగింది. నేను వరండాలో, వాళ్ళకి చాలా దూరంలో, తడి బట్టల బుట్టతో ఉన్నాను. ఆయన ముఖం నా వైపే ఉంది. “అమ్మ అడిగితే బాగానే వినపడుతోందని చెప్పు,” అన్నారు. “లేకపోతే నవంబరులో నిన్ను పంపదు. పెద్ద కొమ్ములవాడు మన కోసమే తిరుగుతున్నాడు.” మారెన్ జడ ఊగేలా తల ఊపింది. ఆయన దాని బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు. నాకు చెయ్యి ఊపారు కూడా.

నేను ఆయన్ని ఆపలేదు. ఆపి ఏమనాలి? మీరు అన్నది నాకు వినపడింది అనాలా? సోమవారం చెవుల డాక్టరుకి ఫోను చేశాను. వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెలలోనే వేట. పోయిందేదో ఉంటే అది డాక్టరు వెనక్కి తెచ్చిపెట్టగలిగేది కాదని కూడా నాకు తెలుసు. ఆ వారమంతా పిల్లని దొంగచాటుగా చూస్తూ గడిపాను. టీవీ గొంతు పెంచింది, నేను తగ్గించాను, మళ్ళీ పెంచింది. బడి బస్సు డ్రైవరు పిలిస్తే వేరే వైపు చూసింది. పిల్లలు అలా ఉంటారు, అందరి పిల్లలూ పరధ్యానంగానే ఉంటారు అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడం కూడా నాకు బాగానే వచ్చింది.

శుక్రవారం బడికి ముందు వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి జడ వేస్తున్నాను. నేను వెనక, అది నాకు వీపు పెట్టి. కాళ్ళు ఊపుకుంటూ ఆ మగజింక, పెద్ద కొమ్ములవాడి గురించి చెబుతోంది. తాత వాడి అడుగుజాడ చూపించాడట, తన చెయ్యి కన్నా పెద్దదట. నేను జడ కట్టేసి, దాని భుజాల మీద చేతులు వేశాను.

“ఒక ఆట ఆడదామా?” అన్నాను. “నీ చెవి దగ్గర నా వేళ్ళు రుద్దుతా. చప్పుడు వినపడగానే చెప్పు. వెనక్కి తిరగకూడదు.”

“సరే,” అంది. కాళ్ళు ఊపడం ఆపేసింది. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తుపాకి పట్టుకునే ముందు కూర్చున్నట్టు.

కుడి చెవి పక్కన బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా రుద్దాను.

“ఆ,” అంది.

ఇంకా దూరం జరిపి, ఇంకా మెల్లగా రుద్దాను. “ఆ,” అంది. ఆ చప్పుడు నాకు కూడా వినపడలేదు. నా బిడ్డకి వినపడింది.

ఎడమ వైపుకి వచ్చాను. చెయ్యి దాని చెవి పక్కకి తీసుకెళ్ళి ఆపాను. రుద్దాలంటే భయమేసింది. రుద్దితే తెలిసిపోతుంది, తెలిశాక ఈ ఇంట్లో దాన్ని పట్టించుకునేది నేనొక్కదాన్నే అవుతాను. నా చేతి నీడ దాని భుజం మీద పడింది. దాని మెడ నరం కొట్టుకోవడం నాకు కనపడుతోంది.

“వినపడుతోందమ్మా,” అంది మారెన్, హుషారుగా. “చాలా బాగా వినపడుతోంది.”

నేనింకా వేళ్ళు కదపలేదు.